సోషియాలజీ మేజర్, మా ఊళ్లో నలభై ఇళ్లు

"ఏటి సదువుతున్నావే గుంటా?" అని మా వీధి చివరింటి మామ్మ నన్ను ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. సోషియాలజీ మామ్మా, అంటే సమాజం గురించి చదువు, అంటాను. "సోసలా? అయితే టీచరమ్మవి అవుతావు" అంటుంది. రెండేళ్లు అవునవునని తలూపి వచ్చేశాను, ఎందుకంటే బస్సు దిగి బ్యాగు భుజాన వేసుకుని ఎండలో నిలబడి అంత విషయం చెప్పే ఓపిక ఉండేది కాదు, చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. ఇప్పుడు మూడో ఏడు. ఇప్పుడు చెప్పగలను అనిపించి ఇది రాస్తున్నాను. మామ్మకి చదువు రాదు, ఈసారి ఊరెళ్లినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

మాది సంతకవిటి మండలం. 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా. మా అమ్మ మాత్రం ఎవరైనా అడ్రస్ అడిగితే ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లా అనే చెబుతుంది. ఇంటర్ రాజాంలో చదివాను. 2023లో డిగ్రీకి అప్లై చేసినప్పుడు కొత్తగా సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు బీఏ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ లాగా మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి, మాకు వచ్చేసరికి ఒకటే మేజర్, పక్కన ఒక మైనర్. నేను మొదట హిస్టరీ పెట్టాను, రెండోది సోషియాలజీ పెట్టాను, రెండోదే వచ్చింది, విజయనగరంలో. నెట్ సెంటర్ అన్నయ్య ప్రింటు తీసిస్తూ "ఈజీ సబ్జెక్టేనమ్మా, గైడు చదివితే పాసైపోతావు" అన్నాడు. నాన్న చెన్నై నుంచి ఫోన్లో "ఏదైతే అది, మధ్యలో మాత్రం మానకు" అన్నాడు.

ఈజీ సబ్జెక్ట్ అనే ఈ మాట మీద నాకు నిజంగానే కోపం ఉంది. ఆ మాట వల్లే మా క్లాసులో సగం మంది పరీక్షకు పది రోజుల ముందు గైడు కొనుక్కుని నిర్వచనాలు బట్టీ పట్టి రాసి వచ్చేస్తారు, వాళ్లకి ఆ సబ్జెక్టు ఎప్పటికీ పరిచయం కాదు. మొదటి సెమిస్టర్లో నేనూ అదే చేశాను. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ ఇంగ్లీష్ మీడియం కదా, స్టేటస్, రోల్, నార్మ్స్ అని మాటలు వరసగా వస్తుంటే అవి ఎవరి గురించో, ఎక్కడి వాళ్ల గురించో అనుకునేదాన్ని. 1830ల చివర్లో ఆగస్ట్ కాంట్ అనే ఫ్రెంచ్ ఆయన ఈ శాస్త్రానికి ఆ పేరు పెట్టాడు అని రాస్తే రెండు మార్కులు. ఆయన ఎందుకు పెట్టాడో, ఫ్రాన్సులో విప్లవం తర్వాత మనుషులు ఒకరితో ఒకరు మళ్లీ ఎలా కలిసి బతకాలో తెలియక తన్నుకుంటున్న కాలంలో ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో మాత్రం గైడులో ఉండదు.

నాకు ఈ చదువు మొదలైంది 'కిన్‌షిప్', అంటే బంధుత్వాల పాఠం రోజు. నిర్వచనం నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. మా మేడమ్ పుస్తకాలు మూయించేసి, మీ ఊళ్లో మీరు వరుస పెట్టి పిలిచేవాళ్ల పేర్లన్నీ రాయండి, ఎవర్ని ఏమని పిలుస్తారో పక్కన రాయండి అన్నారు. మన వైపు పెద్దవాళ్లని పేరు పెట్టి పిలిస్తే తప్పు కదా, ఏదో ఒక వరుస ఉండాల్సిందే. నాకు 60 పైన పేర్లు వచ్చాయి. ఇస్త్రీ బండి మావ, కుండలు చేసే చిన్నాన్న, పాలు పోసే అప్ప, చెరువు గట్టు కింద ఉండే తాత. వాళ్లలో మా చుట్టాలు పట్టుమని ఇరవై మంది లేరు, మిగతావాళ్లు వేరే వేరే కులాల వాళ్లు. చాలా గర్వంగా అనిపించింది, మా ఊరంతా ఒకటే కుటుంబం అని మేడమ్‌తో కూడా అన్నాను. ఆవిడ అలాగా అని, ఇప్పుడు వీళ్లలో ఎవరింట్లో కూర్చుని అన్నం తిన్నారో వాళ్ల పేరు పక్కన టిక్ పెట్టండి అన్నారు.

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నా కాగితం మీద టిక్కులు దాదాపు చుట్టాల దగ్గరే ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి మావా మావా అని పిలిచే మనిషి ఇంట్లో నేను మంచినీళ్లయినా ఎప్పుడూ తాగలేదు. ఎవరూ వద్దని చెప్పిన గుర్తు లేదు. వద్దని ఎవరూ చెప్పకుండానే నేను ఎలా నేర్చుకున్నాను అన్నదే ఆ రోజు నన్ను పట్టుకున్న ప్రశ్న. సోషలైజేషన్, అంటే సమాజం పద్ధతులు మనకి అలవడే తీరు, ఆ పాఠం అంతకు నెల ముందే అయిపోయింది, పరీక్ష కూడా రాసేశాను, కానీ అది నా గురించేనని అప్పుడు తెలిసింది.

ఆ వారం లైబ్రరీలో అంబేడ్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివి వినిపించిన వ్యాసం తీసుకున్నాను. అప్పటికాయనకి 25 ఏళ్లు. కులం అంటే అసలు కీలకం ఏమిటి అని అడిగి, తన కులంలోనే పెళ్లి చేసుకోవాలనే కట్టడిలో ఉంది అని తేలుస్తారు. నా కాగితం ముందు పెట్టుకుని చదివితే ఒక్కో వాక్యం దిగింది. వరుస ఊరంతా తిరుగుతుంది, పెళ్లి దగ్గరకి వచ్చేసరికి ఆగిపోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఇరావతీ కర్వే మన దేశంలో బంధుత్వాల మీద 1953లో రాసిన పుస్తకం గురించి మేడమ్ చెబుతున్నప్పుడు తట్టింది. మన మాటల్లోనే మేనరికం ఉంది. నాన్న చెల్లెలూ అత్తే, మొగుడి తల్లీ అత్తే. అమ్మ తమ్ముడూ మామే, పెళ్లయ్యాక మామగారూ మామే. మేనత్త కొడుకూ బావే. ఉత్తరాదిలో మేనత్తకీ మొగుడి తల్లికీ వేరే వేరే మాటలున్నాయి, ఎందుకంటే అక్కడ చాలా కులాల్లో మేనరికం పెళ్లి కుదరదు. నేను పదిహేడేళ్లు తెలుగు మాట్లాడాను, ఒక్కసారీ ఈ సంగతి ఆలోచించలేదు.

విజయనగరంలో చదవడం వల్ల ఒక లాభం ఉంది. ఇక్కడ గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉంది. చిన్నప్పుడు ఆయన మాకు తెలుగు వాచకంలో పాఠం, అంతే. రెండో ఏడు రీసెర్చ్ మెథడ్స్ చదువుతున్నప్పుడు కన్యాశుల్కానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివాను, చదివి ఆశ్చర్యపోయాను. అందులో ఒక సర్వే ఉంది! విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో, ఏజెన్సీ కాని ప్రాంతాల్లో, బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లకి శుల్కం, అంటే డబ్బు, తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారట. మూడేళ్లకి 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి, సగటున ఏడాదికి 344. వాళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు, ఆ పసిపిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. గురజాడ ఈ అంకెలు ఇచ్చాకే నాటకంలోకి తీసుకెళ్తాడు.

కన్యాశుల్కం మొదటి ప్రచురణ 1897. అదే 1897లో ఫ్రాన్సులో దుర్ఖైమ్ ఆత్మహత్యల మీద పుస్తకం వేశాడు, మనిషి ఒంటరిగా చేసుకునే పని అని అందరూ అనుకునే దాన్ని తీసుకుని, లెక్కలు పక్కపక్కన పెట్టి, ఏ సమాజంలో మనుషుల మధ్య పట్టు ఎలా ఉందో దాన్ని బట్టి ఆ రేటు మారుతుందని చూపించాడు. సిలబస్‌లో దుర్ఖైమ్‌కి ఒక యూనిట్ మొత్తం ఉంది. గురజాడ లేడు. ఇద్దరూ ఒకే రకం పని చేశారని నేను అనడం లేదు, ఒకరు శాస్త్రం రాశారు, ఒకరు నాటకం రాశారు. కానీ ఒక పెళ్లిని ఆ ఇంటి సొంత విషయంగా వదిలేయకుండా 1,034 పెళ్లిళ్లుగా చూడటం ఉంది చూశారూ, అది మా ఊరి నుంచి బస్సెక్కితే చేరుకునేంత దూరంలో, 1897 కంటే ముందే జరిగింది. మా క్లాసులో ఈ సంగతి సెమినార్‌గా చెప్పాను. నా డిగ్రీలో నేను బాగా చేసిన పని అదే అనుకుంటాను.

ఇక మా నాన్న సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

నాన్న నేను పుట్టకముందు నుంచే చెన్నై వెళ్తున్నాడు. సెంట్రింగ్ పని. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, బ్యాచ్ కడతాడు, పదిహేను ఇరవై మంది జనరల్ బోగీలో వెళ్తారు, సంక్రాంతికి, అమ్మవారి సంబరానికి వస్తారు. చిన్నప్పుడు నాకు ఒకటే బాధ, మా నాన్నకి మా మీద ప్రేమ లేదేమో, ఉంటే ఇక్కడే ఏదో ఒక పని చూసుకుంటాడు కదా అని. 2014 జూన్ 28 సాయంత్రం చెన్నైలో మౌలివాకం దగ్గర కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ వానలో కుప్పకూలింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. టీవీ ఉన్న ఇంటి ముందు ఊరు ఊరంతా నిలబడింది. నాన్న ఫోన్ కలవలేదు. అమ్మ ఆ రాత్రి అన్నం వండి పెట్టింది, ఎవరం తినలేదు, మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ ఫోన్ నుంచి నాన్న మాట్లాడాడు, తను షోలింగనల్లూరు సైట్లో ఉన్నాడు. ఆ బిల్డింగ్ కింద 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు.

అమెరికా సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో రాసిన మాట ఒకటి మాకు రెండో సెమిస్టర్లో వస్తుంది. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే ఆ మనిషిని చూడాలి, అతనికి పని వచ్చా, కష్టపడతాడా అని అడగాలి. ఐదు కోట్ల మంది పనివాళ్లున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఇక మనుషుల్ని చూసి లాభం లేదు, ఆ దేశం నడిచే తీరునే చూడాలి. సొంత కష్టం వేరు, సమాజం సమస్య వేరు, రెండింటినీ కలిపే దారి వెతకడమే ఈ చదువు అంటాడు. అది చదివిన రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. చెన్నైలో ఒక బిల్డింగ్ కూలితే టీవీల్లో మా మండలాల పేర్లు ఎందుకు వినపడ్డాయి? తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న మనసు గురించి అడిగిన ప్రశ్నని నేను తప్పు చోట అడిగాను. వర్షం మీద ఆధారపడిన అరెకరం, ముప్పాతిక ఎకరం భూములు, కోత అయ్యాక ఊళ్లో దొరకని పని, ముందే చేతిలో పెట్టే అడ్వాన్సు, తాతల కాలం నుంచి దారి తెలిసిన రైలు, వీటిని అడగాలి. నాన్న మీద పెట్టుకున్న కోపం ఆ రాత్రి పోయింది. ఒక పుస్తకంలో ఒక పేజీ వల్ల పోయింది, ఇది ఎవరికైనా చెబితే నమ్మరు, కానీ అంతే జరిగింది.

డిగ్రీలో మాకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంటుంది, వేసవి సెలవుల్లో ఒక ఊరు తీసుకుని సర్వే చేయాలి, 180 గంటలు. మా ఊరే తీసుకున్నాను. నలభై ఇళ్లు. ఫారం కాలేజీ వాళ్లు ఇచ్చిందే: ఇంటి పెద్ద పేరు, వయసు, చదువు, వృత్తి, ఇంట్లో పనిచేసేవాళ్లు ఎంతమంది, ఆదాయం, మరుగుదొడ్డి ఉందా, నీళ్లు ఎక్కడి నుంచి. మూడు రోజుల్లో అన్ని ఫారాలూ నింపేశాను. నింపి రాత్రి లాంతరు దగ్గర, ఆ రోజు కరెంటు లేదు, ఒక్కొక్కటే తిరగేస్తుంటే కడుపులో ఏదోలా అయింది. ఈ ఫారాలు చదివి ఎవరైనా మా ఊరిని ఊహించుకుంటే వాళ్లకి వేరే ఊరు కనపడుతుంది.

ఇంటి పెద్ద అన్న గడిలో దాదాపు నలభై చోట్లా మగవాళ్ల పేర్లే. అందులో సగానికి పైగా మనుషులు ఊళ్లోనే లేరు, చెన్నైలోనో హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో ఉన్నారు. ఇల్లు నడుపుతున్న ఆవిడ గుమ్మంలో నిలబడి, మొగుడి పేరు నోటితో చెప్పకూడదని పక్కనున్న కూతురి వైపు చూస్తుంది, కూతురు చెబుతుంది, నేను రాస్తాను. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డుకి ఇంట్లో 18 ఏళ్లు దాటిన పెద్ద ఆడమనిషే ఇంటి పెద్ద. అంటే చట్టం ఒప్పుకున్న మాటని ఆవిడే ఒప్పుకోదు, నేనూ మారు అడగలేదు.

తర్వాత వృత్తి. "పని చేస్తావా పిన్నీ?" "నాకేం పనమ్మా, ఇంటి కాడే." నేను గృహిణి అని రాసుకున్నాను. ఆ పిన్నిని పొద్దున ఆరింటికి ఉపాధి పనికి పలుగూ తట్టా పట్టుకుని వెళ్తుంటే నా కళ్లారా చూశాను, చూసి కూడా గృహిణి అని రాశాను!

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ తిట్టలేదు. "ప్రశ్న మార్చు. పని చేస్తావా అని అడగకు. నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏమేం చేశావో చెప్పమను" అన్నారు. మర్నాడు మళ్లీ అదే పిన్ని దగ్గరకు వెళ్లాను, ఈసారి ఫారం తీసుకెళ్లలేదు, నోట్‌బుక్ తీసుకెళ్లాను. "నిన్ననా? నాలుగింటికి లేసినాను, కళ్లాపు సల్లినాను, గేదికి సిట్టు ఎట్టినాను, పాలు తీసినాను, గుంటలకి బువ్వొండి పనికెల్లినాను, పదకొండింటికి వచ్చి బట్టలుతికినాను, మా అత్తకి నీళ్లు పోసినాను, గడ్డి కోసుకొచ్చినాను, సాయంత్రం డ్వాక్రా మీటింగు..." అని చెప్పుకుంటూ పోతోంది, నేను రాస్తూ పోతున్నాను, ఒకచోట ఆవిడే ఆగి నా నోట్‌బుక్ వైపు చూసి "ఇంత సేసినానేటి?" అంది. ఆ ముఖం నేను మర్చిపోలేను.

దేశం మొత్తం మీద 2019లో ప్రభుత్వం ఇలాంటి లెక్కే తీసింది, టైమ్ యూజ్ సర్వే. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు చేసేవారని, మగవాళ్లు 97 నిమిషాలు చేసేవారని తేలింది. ఆ అంకె నాకు పరీక్షలో వచ్చింది, రాశాను, కానీ నా వరకు ఆ 299 అంటే పిన్ని చెప్పిన కళ్లాపు, గుంటలకి వండిన బువ్వ, ఉతికిన బట్టలు.

ఇంకో అంకె గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను చాలాకాలం తప్పుగా మోశాను. 2011 జనాభా లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్లకి శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది ఆడవాళ్లు, విజయనగరంలో 1,019. ఇంటర్లో ఇది చూసి మన జిల్లాలు ఆడపిల్లల్ని బాగా చూసుకుంటాయి అని వ్యాసరచన పోటీలో రాశాను, బహుమతి కూడా వచ్చింది. అదే జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల వరకే చూడండి, రెండు జిల్లాల్లోనూ వెయ్యిమంది మగపిల్లలకి ఆడపిల్లలు వెయ్యికి తక్కువే. పిల్లల్లో తక్కువున్న ఆడవాళ్లు పెద్దయ్యేసరికి ఎక్కువ ఎలా అయ్యారు? ఆడవాళ్లు ఎక్కువకాలం బతకడం ఒక కారణం, ఊళ్లో లేని మగవాళ్లు ఇంకో కారణం. మా ఊళ్లో సర్వే చేసిన తర్వాత ఈ రెండో కారణం నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమైంది.

సర్వేలో నాకు జవాబు దొరకని చోటు ఒకటుంది. ఒక పెద్దావిడ అన్నీ ఓపిగ్గా చెప్పి, చివర్లో "ఇవన్నీ రాసుకెళ్లి ఏటి సేస్తావమ్మా? బోరు బాగుసేయిస్తావా?" అంది. వాళ్ల వీధి బోరు పాడై చాలా రోజులైంది. నేను ఒక అర్జీ రాసి ఆవిడ చేత వేలిముద్ర వేయించి ఆఫీసులో ఇచ్చాను, రెండుసార్లు తిరిగాను, నేను కాలేజీకి వెళ్లిపోయే వరకు ఎవరూ రాలేదు. మనం ఒక మనిషి దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్తే ఆ మనిషికి ఆశ పుడుతుంది. మార్కుల కోసం ఆ ఆశ పుట్టించడం సరైనదేనా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. రీసెర్చ్ ఎథిక్స్ అని పాఠం ఉంది, అందులో అనుమతి తీసుకోవాలి, పేర్లు బయట పెట్టకూడదు అని ఉంది. బోరు గురించి లేదు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూడటానికి మా క్లాసు అంతా నోట్‌బుక్‌లతో వెళ్లాం, అది కూడా చదువులో భాగంగానే. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే ఒక పొడవాటి చెట్టు మాను, మూడుసార్లు తిరుగుతుంది, ఆ కొస మీద పూజారి, కింద ఎగిరిపడే అరటిపళ్లు, జనం అరుపులు. దుర్ఖైమ్ 1912 పుస్తకంలో చెప్పింది ఇదే, గుంపులో మనిషికి తనకంటే పెద్దదేదో తనలోకి వచ్చినట్టు అనిపించడం. ఆయన రాసింది ఆస్ట్రేలియా తెగల గురించి, ఆ దేశం ఎప్పుడూ వెళ్లలేదు. నేను ఆ గుంపు మధ్యలో నిలబడి ఉన్నాను, నాకు ఒళ్లు జలదరించింది, దండం పెట్టుకున్నాను, అది కూడా నోట్స్‌లో రాశాను. కానీ దండం పెట్టుకుంటూనే ముందు నడిచే బెస్తవారి వల, పాలధార, అంజలి రథం చూశాను. ఎవరి పని వాళ్లది, ఎవరి చోటు వాళ్లది. ఊరంతా ఒకటే అన్న మాట నిజం, ఎవరి చోటు వాళ్లదే అన్నది కూడా నిజం. ఒకదాని కోసం రెండోదాన్ని వదిలేసి రాయొద్దని నా కాగితం మీది టిక్కులు నాకు నేర్పాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఆ సర్వే ఫారాలు ఏమయ్యాయో తెలుసా? రిపోర్టు బైండింగ్ చేయించి ఇచ్చాం, వైవా అయింది, మార్కులు పడ్డాయి. తర్వాత ఏడాది ఒక పని మీద స్టోర్ రూమ్‌కి వెళ్తే మా సీనియర్ల రిపోర్టులు గోనెసంచుల్లో, కొన్ని చెదపట్టి ఉన్నాయి. నావి ఎక్కడున్నాయో దొరకలేదు. ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు! ప్రతి ఏడాది మన రెండు జిల్లాల్లోనూ డిగ్రీ పిల్లలు ఊళ్లోకి వెళ్లి, ఎవరు ఎక్కడికి వలస వెళ్లారు, ఏం పండించారు, ఎవరికి ఎంత అప్పుంది అని ఇంటింటికీ తిరిగి రాస్తున్నారు. తప్పులే ఉండొచ్చు, నా మొదటి నలభై ఫారాల్లాగే. అయినా పదేళ్లు దాచిపెడితే, ఒకే ఊరికి పదేళ్ల తర్వాత ఇంకో అమ్మాయి వెళ్లి అవే ప్రశ్నలు అడిగితే, ఆ ఊరు ఎటు పోతోందో కనిపిస్తుంది కదా. ఆనంద గజపతి చేయించిన ఆ జాబితా ఒక ముందుమాటలోకి ఎక్కబట్టి ఆ ముగ్గురు ఏడాది పిల్లల సంగతి ఇవాళ నాకు తెలిసింది.

సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపుర అని తను పేరు పెట్టుకున్న ఊళ్లో ఉండి నోట్స్ రాసుకున్నాడు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలో ఆయన పనిచేస్తున్న చోట ఎవరో నిప్పు పెడితే ఆ ఊరి మీద పద్దెనిమిదేళ్లుగా తయారు చేసుకున్న నోట్స్ కాలిపోయాయి. గుర్తున్నది గుర్తున్నట్టు రాసి 1976లో పుస్తకం వేశాడు. ఆయనకి జ్ఞాపకం మిగిలింది, రాసే శక్తి ఉంది. మా ఫారాలకి నిప్పు కూడా అక్కర్లేదు, పరీక్ష అయిపోతే చాలు. అందుకని నేనూ, నా ముగ్గురు స్నేహితురాళ్లూ ఒక పని మొదలుపెట్టాం. మా జూనియర్ల దగ్గర ఫారాలు ఇచ్చేముందే తీసుకుని ఫోన్‌తో ఫొటోలు తీసి, పేర్లున్న చోటు కప్పేసి, ఊరి పేరు, సంవత్సరం వేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాం. ఇప్పటికి ఆరు ఊళ్లయ్యాయి. మీరు మన వైపు ఏదైనా కాలేజీలో చదువుతుంటే మీ ఊరి ఫారాలు మీరూ దాచండి, అడ్డంగా ఫోన్ పట్టుకుని ఫొటో తీయడానికి ఒక సాయంత్రం చాలు.

ఉద్యోగం గురించి అడుగుతారని తెలుసు, అదీ చెప్పేస్తాను. ఈ డిగ్రీ చేత్తో పట్టుకుని వెళ్తే నేరుగా ఇచ్చే ఉద్యోగం తక్కువ. గ్రూప్-2 ప్రిలిమ్స్ కొత్త సిలబస్‌లో 150 మార్కులకి 30 మార్కులు భారతీయ సమాజం మీదే, అక్కడ మాకు పనికొస్తుంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా సోషియాలజీ తీసుకోవచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఉంది, సోషల్ వర్క్ వైపు వెళ్లొచ్చు, బీఈడీ ఉంది. ఇంట్లో వెంటనే జీతం కావాల్సిన పరిస్థితి ఉంటే వేరే కోర్సు తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. నేనైతే ఎంఏ రాస్తాను, వలస మీదే చదువుతాను.

పోయిన సంక్రాంతికి నాన్న వచ్చాడు. కనుమ నాడు మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. మొదటిసారి ఏ ఏడు వెళ్లావు నాన్నా, ఎవరెవరు వెళ్లారు, ఏ సైట్లో చేశావు అని అడిగాను. మొదట నవ్వాడు, ఇదేం చదువే అన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. తాంబరం, పోరూరు, సిరుసేరి, ఏ బిల్డింగ్ ఎన్ని అంతస్తులు, కూలి ఎంత, ఎవరితో కలిసి వండుకున్నారు, ఎవరు మధ్యలో తిరిగొచ్చేశారు, నా పుట్టుకకి రాలేకపోయిన ఏడు ఏ స్లాబు వేస్తున్నారు, ఒక్కటీ మర్చిపోలేదు. నేను రాస్తున్నాను. కూలీల పేర్లు, బ్యాచ్‌లో వాళ్ల ఊళ్ల పేర్లు కూడా రాసుకోమన్నాడు. అలా 2014 దాకా వచ్చాం. అక్కడ ఆగి చాలాసేపు పెరట్లో కొబ్బరిచెట్టు వైపు చూశాడు. "మిగతాది రేపు రాద్దాంలే అమ్మా" అన్నాడు.

మర్నాడు సాయంత్రమే మేస్త్రీ ఫోన్ చేశాడు, రైలుకి టైమైపోయింది. ఆ పేజీ సగం దాకా రాసి ఉంది, కింద సగం అలాగే వదిలాను.